ఇల్లు అద్దెకు ఇవ్వబడును

బోర్డు రాసే అబ్బాయి కుంచె పట్టుకుని నిలబడ్డాడు. రేకు మీద పసుపు రంగు అప్పటికే ఆరిపోయింది. "ఏం రాయాలె మేడం?" అన్నాడు. ఇంత చిన్న ప్రశ్నకు మా ఇంట్లో ముగ్గురం మూడు జవాబులు చెప్పాం.

"టు లెట్ అని రాసెయ్యి, సరిపోతుంది" అన్నారు మావారు. "అదేమిటండీ, తెలుగు నవలలు రాసుకు బతికేదాన్ని, నా ఇంటి గేటుకు ఇంగ్లీషు బోర్డా? అద్దెకు ఇవ్వబడును అని రాయించండి" అన్నాను నేను. కారులో కూర్చున్న మా అమ్మ తల బయటపెట్టి, "బాడుగకు అని రాయించవే, అమ్మమ్మ ఉంటే అలాగే అనేది" అంది. ఆ అబ్బాయి మా ముగ్గుర్నీ వరసగా చూశాడు. "గవన్నీ ఎందుకు మేడం, కిరాయికి అని రాస్త. ఈడ అందరికి సమజైతది" అని తేల్చేశాడు.

అలా రాసేశాడు కూడాను. కింద చిన్న అక్షరాలతో "ఫ్యామిలీలకు మాత్రమే" అన్న ముక్క మాత్రం మేం ముగ్గురం ఏకగ్రీవంగా చెప్పి రాయించాం. ఆ ముక్క సంగతి తర్వాత చెబుతాను.

ఇది 2018 జూన్ నాటి మాట. బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి నాకో దురలవాటు ఉంది. ఏ మాట విన్నా దాని పుట్టుక వెతుక్కుంటూ కూర్చుంటాను. అద్దె మన మాట. బాడుగకు కన్నడంలో బాడిగె, తమిళంలో వాడగై అని అక్కచెల్లెళ్లున్నారు. కర్నూలు వైపు నుంచి వచ్చిన మా అమ్మమ్మకు అదే నోటికి వచ్చేది. కిరాయి మాత్రం అరబ్బీలో పుట్టి, పారశీకం మీదుగా ఉర్దూలోకి వచ్చి, హైదరాబాదులో స్థిరపడిపోయింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మూడు మాటలు ఒక్క గేటు ముందు పోట్లాడుకుంటున్నాయంటే, ఆ ఊరికి ఎంతమంది ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఉంటారో మీరే ఊహించుకోండి.

ఇంతకీ ఆ ఇల్లు ఉన్నది శంషాబాద్‌లో, బెంగుళూరు రోడ్డు నుంచి కాస్త లోపలికి. 240 గజాల జాగా. 2002లో నా పెళ్లికి మా నాన్న పసుపుకుంకుమల కింద రాసిచ్చారు. అప్పట్లో పక్కనంతా కంది చేలు. మా అత్తగారు చూడ్డానికి వచ్చి, చుట్టూ కలయజూసి, "ఇక్కడ కాపురం ఎవరు చేస్తారమ్మా, నక్కలా?" అన్నారు. మా నాన్న నొచ్చుకోలేదు. ఆయన సచివాలయంలో గుమాస్తాగా చేసిన మనిషి, కాగితం మీద తప్ప దేని మీదా నమ్మకం లేదు. 1996 మార్చి 8న 111 నంబరు జీవో వచ్చి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 ఊళ్లలో కట్టడాలకు కళ్లెం వేసింది. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లెన్నో ఆ జాబితాలో ఉన్నాయి. మా నాన్న సర్వే నంబర్లు వెతికి వెతికి జాబితాలో లేని జాగా కొన్నారు. ఎప్పటికైనా ఆ వైపు విమానాశ్రయం వస్తుందని కూడా ఆయనకు తెలుసు. అది చూడకుండానే పోయారు.

శంషాబాద్ అంటే ఏమిటనుకున్నారు? షమ్స్ అంటే సూర్యుడు. నిజాం కొలువులో పైగా వంశపు నవాబులకు షమ్స్-ఉల్-ఉమ్రా అన్న బిరుదు ఉండేది. అంటే ప్రభువుల్లో సూర్యుడని. ఆ బిరుదు మీదే ఈ ఊరికి పేరు వచ్చింది. నిజాం కోసం సైన్యాన్ని పోషించాలి గనుక వాళ్లకు ఊళ్లకు ఊళ్లు రాసిచ్చారు. ఆ ఊళ్ల మీద వచ్చే శిస్తే వాళ్ల ఆదాయం. నా దృష్టిలో వాళ్లే ఈ ప్రాంతంలో మొదటి పెద్ద ఇంటి ఓనర్లు.

ఇళ్లు కట్టడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. పైగా వంశంలోని వికారుల్ ఉమ్రా గారు 1884లో ఫలక్‌నుమా భవనం మొదలుపెట్టారు. కట్టగా కట్టగా అప్పుల్లో కూరుకుపోయి, చివరకు ఆ భవనాన్ని ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు అప్పగించాల్సి వచ్చింది. ఇల్లు కట్టి చూడు అని మనవాళ్లు ఊరికే అన్నారా! మా ఇంటి స్లాబు వేస్తున్న రోజుల్లో, బ్యాంకు వాళ్లు మూడో విడత డబ్బు ఆపేసి కాగితాలు అడుగుతున్నప్పుడు, మావారికి ఈ కథ చెప్పాను. "ఆయన అప్పగించడానికి నిజాం ఉన్నాడు, నేనెవరికి అప్పగించను?" అన్నారు దిగులుగా.

ఇంకో ముచ్చట చెప్పాలి. ఇది ఆడవాళ్లం ప్రత్యేకంగా చెప్పుకోవలసింది. నిజాం కూతురు బషీరున్నిసా బేగంను ఈ షమ్స్-ఉల్-ఉమ్రాల ఇంటికే ఇచ్చి పెళ్లి చేశారట. అప్పుడు ఆమెకు కట్నంగా ఇచ్చిన ఊరే బేగంపేట అంటారు. హైదరాబాదుకు పాత విమానాశ్రయం ఆ బేగంపేటలో ఉండేది. 1945లో పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు అక్కడినుంచే ఎగిరేవి. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత యాభై అయిదేళ్లపాటు ఊరికి వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అందరూ బేగంపేటలోనే దిగారు, ఎక్కారు. 2008 మార్చి 23న విమానాలన్నీ శంషాబాద్‌కు మారాయి. కూతురికిచ్చిన ఊళ్లోంచి ఆమె అత్తింటి బిరుదున్న ఊరికి! ఆడపిల్లల్లాగే విమానాలు కూడా పుట్టిల్లు వదిలి అత్తారింటికి తరలిపోయాయన్నమాట.

ఆ అత్తిల్లు చిన్నదేం కాదు. సుమారు 5,500 ఎకరాలు. 4,260 మీటర్ల రన్‌వే. మామిడిపల్లి, గొల్లపల్లి లాంటి ఊళ్ల రైతుల భూములు పోతేనే అంత జాగా వచ్చింది. 2008 నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కు ఔటర్ రింగు రోడ్డు మొదటి ముక్క తెరిచారు. 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. కంది చేలల్లోంచి ఇళ్లు మొలిచాయి. విమానం ఎక్కేవాళ్లు వస్తారు, పోతారు. వాళ్లను ఎక్కించేవాళ్లు, పెట్టెలు మోసేవాళ్లు, అద్దాలు తుడిచేవాళ్లు, కాఫీ కలిపేవాళ్లు మాత్రం దగ్గరలో ఎక్కడో ఒకచోట తలదాచుకోవాలి గదా! అర్ధరాత్రి రెండింటికి డ్యూటీ ఎక్కే మనిషి కూకట్‌పల్లి నుంచి ఏం వస్తుంది?

అందుకనే మేము కూడా లోన్ తీసుకుని నాలుగు వాటాలు వేశాం. కింద రెండు ఒంటి పడకగది వాటాలు, బండ్లు పెట్టుకునే జాగా. పైన రెండు రెండేసి గదులవి. నాలుగింటికీ నాలుగు కరెంటు మీటర్లు, ఒకటే సంపు, ఒకటే మోటారు. ఒక కప్పు కింద నాలుగు కాపురాలు పెట్టి అద్దె తీసుకోవడం మనం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. రెండువేల ఏళ్ల కిందట రోము నగరంలో మామూలు జనమంతా అలాంటి మేడల్లోనే అద్దెకుండేవాళ్లు. ఓనర్లు ఆశకొద్దీ అంతస్తు మీద అంతస్తు వేస్తుంటే అవి కూలిపోయేవి. అప్పుడు అగస్టస్ చక్రవర్తి 70 అడుగులకు మించి కట్టరాదని శాసనం చేశాడు. మా మేస్త్రీ ఇంకో అంతస్తు వేద్దాం మేడం అన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తుకొచ్చేవాడు.

హైదరాబాదులో బీదవాళ్లకు సర్కారు ఇళ్లు కట్టి ఇవ్వాలన్న ఆలోచన మాత్రం ఒక ఉపద్రవంలోంచి పుట్టింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పదిహేను వేలమంది పోయారని చెబుతారు. ఒడ్డున ఉన్న ఇళ్లు వేలకు వేలు కొట్టుకుపోయాయి. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి మా శంషాబాద్ పక్కనున్న హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఒకటి పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి, వెడల్పు రోడ్లు వేసి, ఉన్నచోటు పోగొట్టుకున్నవాళ్లకు చిన్న చిన్న ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది. నీళ్లు ముంచిన చోటే కొందరికి నీడ దొరికింది.

ఇంకో తమాషా ఉంది. అదే 1908లో బ్రిటిషువాళ్లు రిజిస్ట్రేషన్ చట్టం చేశారు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందమైతే రిజిస్టరు చేయించి తీరాలి అన్నారు. అందుకే ఇప్పటికీ మనమందరం పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుంటాం. పన్నెండో నెల ఏమైందని ఏ ఓనరునైనా అడగండి. "అదంతే, అందరూ అలాగే రాస్తారు" అంటారు.

ఇక మా అమ్మమ్మ దగ్గరికి వద్దాం. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయినప్పుడు, ఇళ్లు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మా తాతగారు ఆ గుడారాల్లో ఫైళ్లు మోసిన గుమాస్తా. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మూటాముల్లె సర్దుకుని, ఏడాది వయసున్న మా అమ్మనెత్తుకుని హైదరాబాదు వచ్చారు. అలా వచ్చిన గుమాస్తాలు వేలల్లో ఉన్నారు. చిక్కడపల్లి, మలక్‌పేట, ఎటు వెళ్లినా ఒక ఇంట్లో నాలుగైదు వాటాలు, అందరికీ ఒకటే పంపు. ఇల్లు చూడ్డానికి వెళితే ఓనరమ్మ ముందు అద్దె చెప్పేది కాదు. "మీరేమిట్లు?" అని అడిగేది. ఆ తర్వాత ఉల్లిపాయ తింటారా, పిల్లలెంతమంది, చుట్టాలు ఎక్కువగా వస్తారా? ఇన్ని పరీక్షలు పాసైతే అప్పుడు బాడుగ మాట.

1961లో తాతగారు హఠాత్తుగా పోయారు. అమ్మమ్మకు ముప్పై నిండలేదు. ముగ్గురు పిల్లలు. అప్పటిదాకా ఉన్న వాటా ఓనరు, పాపం, చెడ్డవాడు కాడు. "మగదిక్కు లేని ఇల్లు, నలుగురూ నాలుగు మాటలంటారు, ఇంకోచోట చూసుకోమ్మా" అన్నాడట. చూసుకోమంటే ఎక్కడ చూసుకుంటుంది? పదకొండు ఇళ్లు ఎక్కి దిగింది. ఒక చోట కూడా కాదనలేదు. "ఆలోచించి కబురు చేస్తాం" అన్నారు. కబురు మాత్రం రాలేదు.

చివరకు మలక్‌పేటలో ఒక ముసలి బేగం గారు తన పాత హవేలీలో వెనకవైపు రెండు గదులు ఇచ్చింది. ఆవిడా విధవరాలే. 1949లో జాగీర్లు రద్దయ్యాక ఆ కుటుంబానికి మిగిలింది ఆ ఇల్లొక్కటే. అమ్మమ్మకు ఉర్దూ రాదు, ఆవిడకు తెలుగు అంతంత మాత్రం. అయినా ఆవిడ అడిగినవి రెండే ప్రశ్నలట: నీళ్లు ఎన్నింటికి పట్టుకుంటావు, పిల్లలు ఏ బడికి వెళతారు? అమ్మమ్మ అప్పడాలు వత్తి, జాకెట్లు కుట్టి పధ్నాలుగేళ్లు అక్కడే ఉంది. మా అమ్మ పెళ్లి ఆ హవేలీ వాకిట్లోనే అయింది.

చట్టం కూడా కొంత కాపాడిందనుకోండి. హైదరాబాదు రాష్ట్రంలో 1954లోనే అద్దెల నియంత్రణ చట్టం ఉంది. 1960లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ కలిపి కొత్త చట్టం తెచ్చారు. ఊరికే ఖాళీ చేయించడానికి వీల్లేదు, ఇష్టం వచ్చినట్టు అద్దె పెంచడానికి వీల్లేదు. అయితే 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లకు ఆ చట్టం వర్తించదన్నారు, కొత్త ఇళ్లు కట్టేవాళ్లకు ఉత్సాహం రావాలని. ఆ మినహాయింపు ఇరవై ఏళ్లు దాటినా అలాగే ఉండిపోయింది. పాతికేళ్ల ఇల్లు కూడా కొత్త ఇల్లే! 1983లో సుప్రీంకోర్టు అది న్యాయం కాదని కొట్టేసింది. అమ్మమ్మ ఉన్నది పాత హవేలీ గనుక ఆ చిక్కు రాలేదు. కానీ ఒక్క మాట. ఉన్నవాళ్లను వెళ్లగొట్టకుండా చట్టం ఆపగలదు గాని, గుమ్మంలో నిలబడ్డ మనిషిని లోపలికి రానిమ్మని చెప్పలేదు. ఆ పని ఓనరమ్మ మనసు చెయ్యాల్సిందే.

ఇవన్నీ తెలిసిన నేను 2018లో ఏం చేశానో చూడండి.

కింది వాటాల్లో ఒకదానికి రిటైరైన టీచరు దంపతులు వచ్చారు. కొడుకు అమెరికాలో ఉన్నాడట, అతను వస్తే దిగగానే ఇంటికి రావచ్చని విమానాశ్రయానికి దగ్గరలో తీసుకున్నారు. రెండోదానికి ట్యాక్సీ నడిపే అతను, భార్య, ఇద్దరు పిల్లలు. పైన ఒక వాటాకు కార్గోలో పనిచేసే శ్రీకాకుళం కుటుంబం. మిగిలినదానికి ఒక అమ్మాయి వచ్చింది. నల్గొండ వైపు పిల్ల, పాతికేళ్లుంటాయి. విమానాశ్రయంలో టిక్కెట్లు చూసి పంపే కౌంటరులో ఉద్యోగం. చెల్లెల్ని తెచ్చుకుని చదివించుకుంటుందట. ఇల్లంతా చూసుకుంది, కుళాయిలు తిప్పింది, కిటికీ తలుపులు వేసి తీసింది. బాడుగ బేరమాడలేదు.

"డ్యూటీ ఎన్నింటికమ్మా?" అన్నాను.

"షిఫ్టులాంటీ. ఒక్కోసారి రాత్రి రెండింటికి కంపెనీ కారొస్తది."

పెళ్లయిందా అన్నాను. ఇంటికి ఎవరెవరు వస్తుంటారన్నాను. నాన్నగారి ఫోను నంబరు అడిగాను. ఆయన లేరంది. నేను మావారి వంక చూశాను, ఆయన బోర్డు వంక చూశారు. ఫ్యామిలీలకు మాత్రమే.

"ఆలోచించి కబురు చేస్తాం" అన్నాను.

ఆ పిల్ల చిన్నగా నవ్వి చెప్పులేసుకుంది. అలాంటి జవాబు అలవాటైనవాళ్లు నవ్వే నవ్వు అది. కారెక్కాక మా అమ్మ పహాడీషరీఫ్ రోడ్డు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడు అద్దంలోంచి బయటికి చూస్తూ, "ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావే?" అంది. అంతే. నాకు జవాబు దొరకలేదు.

నేనేదో ఆ రాత్రే పరుగెత్తుకెళ్లి ఇల్లిచ్చేశానని రాస్తే నవలలా బాగుంటుంది. కానీ అలా జరగలేదు. ఫ్యామిలీ కోసం రెండు నెలలు చూశాం. ఒకళ్లకు వంటగది ఆగ్నేయం సరిగ్గా కుదరలేదు. ఒకళ్లు అడ్వాన్సు ఇస్తామని మళ్లీ కనిపించలేదు. ఇల్లు ఖాళీగా ఉంటే బ్యాంకు ఊరుకోదు. మూడో నెలలో ఆ అమ్మాయికి నేనే ఫోను చేశాను. నా మంచితనం అందులో సగమే, మిగతా సగం వాయిదా భయం. ఆమెకు అప్పటికింకా ఇల్లు దొరకలేదు. మూడు చోట్ల ఆలోచించి కబురు చేస్తామన్నారట.

ఇంటి అద్దెలతో హాయిగా కూర్చుని తింటున్నామని చుట్టాలనుకుంటారు. మొదటి ఏడాది లెక్క చెబుతాను, వినండి. కింది వాటాలు ఎనిమిదివేల అయిదువందలు చొప్పున, పైవి పన్నెండువేల అయిదువందలు చొప్పున, నెలకు 42,000. ఏడాదికి 5,04,000. పై వాటా రెండు నెలల ఖాళీకి 25,000 తీసెయ్యండి. బ్యాంకు వాయిదాలు నెలకు 36,000, ఏడాదికి 4,32,000. మోటారు కాలి, పైపులు మార్చినందుకు 11,000. ఎండాకాలం బోరు ఎండిపోతే నీళ్ల ట్యాంకర్లకు 14,000. ఇంటిపన్ను 9,000. చేతిలో మిగిలింది అక్షరాలా 13,000 రూపాయలు. మావారు ఆ డబ్బుతో నాకు పట్టుచీర కొంటానని, కొట్టుకెళ్లి ధర అడిగి, కాఫీ తాగించి తీసుకొచ్చారు.

రెండో ఏడాది ఇంకా ఉంది. 2020 మార్చి 25 నుంచి దేశంలో విమానాలు ఆగిపోయాయి. విదేశీ విమానాలు అంతకు రెండు రోజుల ముందే ఆగాయి. మా ఇంటి మీద ప్రతి పది నిమిషాలకూ ఉరిమే ఆకాశం మూగబోయింది. కింది వాటా టీచరు గారు ఫోనులో, "అమ్మా, పిట్టల అరుపులు వినిపిస్తున్నాయి, భయమేస్తోంది" అన్నారు. మందులు వెళ్లాలి గనుక కార్గో ఆగలేదు. శ్రీకాకుళం అతనికి జీతం వచ్చింది. టీచరు గారికి పెన్షను వచ్చింది. ట్యాక్సీ మాత్రం గేటు లోపల దుమ్ము పట్టింది. ఆ అమ్మాయికి ముందు సగం జీతమన్నారు, తర్వాత అదీ లేదన్నారు.

మార్చి 27న రిజర్వుబ్యాంకు మూడు నెలలు వాయిదాలు కట్టకపోయినా ఫర్వాలేదంది, వడ్డీ మాత్రం పెరుగుతుంది. ఏప్రిల్లో రాష్ట్ర ప్రభుత్వం మార్చి, ఏప్రిల్, మే అద్దెలు అడగవద్దు, తర్వాత వాయిదాల మీద వడ్డీ లేకుండా తీసుకోండి అంది. అంటే బ్యాంకుకు నేను వడ్డీ కట్టాలి, నాకు వాళ్లు కట్టనక్కర్లేదు. మొదట కోపం వచ్చింది, అబద్ధం చెప్పను. అయిదో తారీకున ఫోను చేతిలోకి తీసుకున్నాను. అవతల ఆ అమ్మాయి "ఆంటీ" అని ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో ఏముందో నాకు తెలుసు. మా అమ్మమ్మ అప్పడాలు ఎండని వానాకాలం నెలల్లో ఆ బేగం గారి గుమ్మం ముందు అలాగే నిలబడి ఉంటుంది. "బియ్యం ఉన్నాయా తల్లీ?" అన్నాను. ఉన్నాయంది. బాడుగ మాట ఎత్తకుండా ఫోను పెట్టేశాను.

మే 25న విమానాలు మళ్లీ మొదలయ్యాయి, మూడో వంతు మాత్రమే. ట్యాక్సీ అతను తట్టుకోలేక జులైలో సొంతూరు వెళ్లిపోయాడు. మార్చి నుంచి మూడు నెలల అద్దె, 25,500, అతని దగ్గరే ఉండిపోయింది. నేను దానం చేశానని అనుకోకండి. అడిగినా రావని తెలిసి వదిలేశాను. ఆ అమ్మాయి మాత్రం జీతం మొదలయ్యాక నెలనెలా అద్దెతోపాటు 2,500 కలిపి పంపింది. పదిహేను నెలలకు 37,500 తీర్చేసింది. ఆఖరి నెల నేను వద్దన్నా వినలేదు. "లెక్క లెక్కే ఆంటీ" అంది. మా నాన్న ఉంటే ఆ పిల్లను ఎంత మెచ్చుకునేవారో!

రాత్రి రెండింటికి కారు రావడం సంగతి చెప్పలేదు కదూ. మొదట్లో ఎదురింటావిడ నాకు ఫోను చేసి చెప్పేది. 2021లో ఆవిడ భర్తకు నడిరాత్రి గుండెనొప్పి వచ్చింది. వీధంతా నిద్రపోతున్న వేళ అప్పుడే డ్యూటీకి బయల్దేరుతున్న మా అమ్మాయి ఆ కారులోనే ఆయన్ని ఆసుపత్రికి చేర్చింది. ఆ తర్వాత ఆవిడ ఫోను చెయ్యడం మానేసింది. పండక్కి అరిసెలు పంపడం మొదలుపెట్టింది.

2023లో ఆ పిల్లకు వేరే ఊరికి బదిలీ అయింది. చెల్లెలి చదువు కూడా అప్పటికి పూర్తయింది. వెళ్లేముందు ఇల్లంతా కడిగి, తాళాలు నా చేతికిచ్చింది. అడ్వాన్సులో రంగుల ఖర్చు తీసుకోమంది. గోడల మీద ఒక్క మేకు దిగలేదు, ఏం తీసుకోను? మొత్తం ఇచ్చేశాను. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ఆంటీ, ఆ రోజు మీరు మళ్లీ ఫోను చేస్తరని అనుకోలే" అంది. నేను కూడా అనుకోలేదని చెప్పడానికి నోరు రాలేదు.

పాత రేకు బోర్డు మెట్ల కింద దుమ్ముపట్టి ఉంది. తుడిచి చూస్తే రంగు పెచ్చులూడిపోయింది. అదే అబ్బాయికి కబురు పెట్టాం. ఇప్పుడు గడ్డం పెంచాడు, పెళ్లయిందట, తనే శంషాబాద్‌లో కిరాయికి ఉంటున్నాడు. పసుపు రంగు వేసి, "కిరాయికి ఇవ్వబడును" అని రాసి, కుంచె ఆపాడు.

"కింద ఫ్యామిలీలకు మాత్రమే అని రాయాల్నా మేడం?"

మావారు నా వంక చూశారు. నేను కారులో ఉన్న మా అమ్మ వంక చూశాను. మా అమ్మ ఎటూ చూడకుండా పళ్లరసం తాగుతోంది.

"వద్దు బాబూ, నీ రంగు దండగ. ఫోను నంబరు కాస్త పెద్దగా రాయి" అన్నాను.